బరకం మూల: పీజీ ప్రాజెక్టు డైరీ

1వ వారం

స్టూడియోలో బల్లలన్నీ గోడకి నెట్టి నేల మీద బరకం పరిచాం. 4 మీటర్లు అడ్డం, 6 మీటర్లు నిలువు. టార్పాలిన్ అనండి, పట్టా అనండి, భూకంపమో తుఫానో వచ్చిన మర్నాటి నుంచి లారీల్లోంచి దిగే మొదటి సరుకుల్లో ఇదొకటి. శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్, రెడ్‌క్రాస్ లాంటి పెద్ద సంస్థలన్నీ దాదాపు ఒకే కొలత, ఒకే నాణ్యత పాటిస్తాయి. లోపల పాలిథీన్ దారాల నేత, పైనా కిందా పాలిథీన్ పూత. అంచు మడతలో తాడు, మీటరుకొకటి చొప్పున అల్యూమినియం రింగులు. బరువు మొత్తం ఐదు కిలోల లోపే.

ఆ రింగుల మీదే నా ఆఖరి సెమిస్టరు ప్రాజెక్టు. గాలికి రింగు ఊడొస్తుంది. ఆ మూల వదులవగానే బరకం టపటపా కొట్టుకోవడం మొదలుపెడుతుంది. కొట్టుకున్నకొద్దీ పక్క రింగు, దాని పక్కది. అందుకని రింగుతో పని లేకుండా బరకాన్ని ఎక్కడ కావాలంటే అక్కడ కరిచి పట్టుకునే క్లిప్పు చేస్తానని ప్రతిపాదన రాశాను. మా గైడు మేడమ్ చదివి, పక్కన పెన్సిల్‌తో "క్లిప్పే ఎందుకు?" అని రాసి వెనక్కిచ్చారు. జవాబు రాయలేదు. అప్పటికే క్లిప్పు బొమ్మ గీసేశాను మరి.

2వ వారం

వర్క్‌షాపు వైపు వెళ్ళనే లేదు, అంతా చదువే. మా క్లాసులో ఇద్దరు సివిల్ ఇంజనీర్లు, ఒక ఆర్కిటెక్టు, కొన్నేళ్ళు ఆసుపత్రిలో పనిచేసి వచ్చిన ఒక నర్సు, నాలాంటి ప్రాడక్టు డిజైనర్లు ముగ్గురు. విపత్తు ఆశ్రయాల చరిత్ర పాఠం రోజున మా ముగ్గురి మొహాలూ చూడాల్సింది. 1970లో టర్కీలో గెదిజ్ భూకంపం, 1972లో నికరాగువా రాజధాని మనాగువాలో భూకంపం. రెండు చోట్లా పాలీయురిథేన్ నురగతో గుమ్మటాల్లాంటి ఇళ్ళు పోశారు. ఫొటోల్లో ఎంత ముచ్చటగా ఉన్నాయో! మనాగువాలో అవి సిద్ధమయ్యేసరికి నెలలు గడిచాయి. ఈలోగా జనం చుట్టాల ఇళ్ళల్లోనో, ఏరుకొచ్చిన చెక్కలతో కట్టుకున్న గుడిసెల్లోనో సర్దుకున్నారు. గుమ్మటాల్లోకి పెద్దగా ఎవరూ చేరలేదు.

ఇలాంటి కథలు తవ్వి తీసి 1970ల్లోనే మొహం మీద చెప్పినవాడు ఇయాన్ డేవిస్ అనే బ్రిటిష్ ఆర్కిటెక్టు. ఆ దారిలోనే 1982లో ఐక్యరాజ్యసమితి విపత్తు సహాయ విభాగం ఆశ్రయం మీద మార్గదర్శకాలు వేసింది. అందులో మొదటి సూత్రమే మాకు గుచ్చుకుంది: విపత్తు తర్వాత గూడు కట్టే అసలు వనరు బాధితులు, వాళ్ళ బంధువులు, స్నేహితులు. బయటివాళ్ళది చేతనైనంత చేదోడు మాత్రమే.

"నీ క్లిప్పు కూడా చిన్న సైజు గుమ్మటమేనేమో" అంది నర్సు. అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టు మొహం పెట్టాను.

గాలి లెక్క కూడా ఈ వారమే వేశాను. గాలి వేగాన్ని సెకనుకి మీటర్లలో తీసుకుని, వర్గం చేసి, 0.6తో గుణిస్తే చదరపు మీటరుకి ఎన్ని న్యూటన్ల ఒత్తిడో వస్తుంది. సెకనుకి 10 మీటర్లు, అంటే గంటకి 36 కిలోమీటర్ల గాలికి 60 న్యూటన్లు. బరకం 24 చదరపు మీటర్లు కాబట్టి మొత్తం 1,440 న్యూటన్లు. 150 కిలోల బరువు లాగుతున్నట్టు. గాలి రెట్టింపై గంటకి 72 కిలోమీటర్లైతే లాగుడు రెండింతలు కాదు, నాలుగింతలు. దాదాపు 590 కిలోలు. ఇది గాలికి అడ్డంగా తెరలా నిలబెడితే వచ్చే లెక్క, వాలుగా కడితే మారుతుంది. చుట్టూ ఉన్న 20 రింగులూ సమానంగా పంచుకుంటే ఒక్కోదానికి 30 కిలోలే. కానీ పంచుకోవు. ఎప్పుడూ ఒక తాడు బిగువుగా ఉంటుంది, తక్కినవి వేలాడుతుంటాయి. భారమంతా ఆ ఒక్కదాని నెత్తిన పడుతుంది.

4వ వారం

మొదటి క్లిప్పు 3డీ ప్రింటర్లో తీశాను. రెండు దవడలు, లోపల పళ్ళు, తాడు దూర్చడానికి కన్నం. చేతిలో పట్టుకుంటే కిందపెట్టబుద్ధి కాలేదు. కిటికీ దగ్గర ఎండ పడేచోట బరువు కట్టి వేలాడదీసి క్లాసుకి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి దవడ నోరు వెళ్ళబెట్టుకుని ఉంది. పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దరిదాపుల్లోనే మెత్తబడుతుంది. నల్లటి వస్తువు ఎండలో ఆ వేడికి చేరడం ఎంతసేపు? తెలిసిన సంగతే. నలుపు అందంగా ఉందని తీసుకున్నాను.

తర్వాతవి పీఈటీజీ అనే మరో ప్లాస్టిక్‌తో చేశాను, దానికి మరో ఇరవై డిగ్రీలు ఓపిక ఎక్కువ. ఇక అక్కడ్నుంచి వేరే గొడవ. పళ్ళు పదునుగా పెడితే బరకం తెగుతోంది. అరగదీస్తే జారుతోంది. ఐదో నమూనా, ఆరో నమూనా, ఏడో నమూనా. ఈ వారం గురించి ఇంతకంటే రాయడానికేం లేదు.

5వ వారం

క్లిప్పుని కాసేపు పక్కన పెట్టి, అసలు ఒక బరకంతో ఎంత గూడు వస్తుందో చూద్దామని స్టూడియో వెనక ఖాళీ జాగాలో కట్టాం. స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల కప్పున్న జాగా ఉండాలి. 1997లో కొన్ని సహాయ సంస్థలు కలిసి మొదలుపెట్టిన ప్రయత్నం అది. మేం వాడేది 2018 కూర్పు. ఐదుగురికి 17.5 చదరపు మీటర్లన్నమాట. ఐకియా ఫౌండేషన్ అండతో తయారైన బెటర్ షెల్టర్ అనే విడిభాగాల ఇంటికి కూడా నేల సరిగ్గా ఇంతే.

రెండు గుంజలు పాతి నడుమ దూలం వేశాం, నేల నుంచి 2 మీటర్ల ఎత్తున. బరకాన్ని దాని మీద వేసి అటూ ఇటూ మూడేసి మీటర్లు నేలకి దించాం. పైథాగరస్ లెక్కలో నేల వెడల్పు 4.47 మీటర్లు, పొడవు 4. గుణిస్తే 17.9. అబ్బ, ప్రమాణం దాటేశామే అనుకున్నాం. లోపలికి వెళ్ళాక తెలిసింది. నడుము వంచకుండా నిలబడాలంటే సరిగ్గా దూలం కిందే నిలబడాలి. ఒకటిన్నర మీటర్ల ఎత్తు దొరికే చోటు నడుమ ఒక మీటరు వెడల్పు చార. అంచుల దగ్గర మనిషి కాదు, చెప్పులు కూడా నిలువుగా పట్టవు. పైగా ముందూ వెనకా రెండు గోడలూ లేవు. రెడ్‌క్రాస్ వాళ్ళ ఆశ్రయ కిట్టులో బరకాలు రెండెందుకు ఇస్తారో అప్పుడర్థమైంది. వాటితోబాటు రంపం, సుత్తి, పార, మేకులు, తాడు, బంధనపు తీగ కూడా ఉంటాయి. క్లిప్పులు ఉండవు.

ఆ రాత్రి చిన్న వాన పడింది. వాలు తక్కువైన ఒకచోట నీళ్ళు నిలిచి బొజ్జలా జారింది. మీటరు పొడవు, మీటరు వెడల్పు గుంటలో 5 సెంటీమీటర్ల నీళ్ళంటే 50 కిలోలు. పొద్దున చూసేసరికి ఆ వైపు రింగు ఒకటి ఊడి, గుండ్రటి కన్నం మిగిలింది. గాలి లేదు, తుఫాను లేదు. ఉత్త నీళ్ళు.

6వ వారం

ఇది వివరంగా రాసుకోవాలి.

వర్క్‌షాపులో లాగుడు పరీక్ష పెట్టాం. బరకం ముక్క ఒక చివర ఇనప చట్రానికి బిగించి, రెండో చివర నా క్లిప్పు, దానికి తాడు, తాడుకి వేలాడే త్రాసు, త్రాసుకి చెయిన్ కప్పీ. మొదట కర్మాగారం వాళ్ళు వేసిన రింగు లాగాం. కాసేపటికి టప్పున ఊడింది. తర్వాత ఏడో నమూనా క్లిప్పు. రింగుకంటే కాస్త ఎక్కువే మోసింది, నాకు ఊపిరి అందింది. ఆ వెంటనే పళ్ళు నాలుగు చారలు గీసుకుంటూ జారి, క్లిప్పు ఎగిరి గోడకి తగిలింది. అందరం కళ్ళద్దాలు పెట్టుకుని ఉన్నాం కాబట్టి సరిపోయింది.

వర్క్‌షాపు చూసుకునే పెద్దాయన అప్పటిదాకా మూలన చట్రాలకి రంగు వేసుకుంటున్నారు. బ్రష్షు పక్కన పెట్టి బయటికెళ్ళి, నీళ్ళ కాలవ పక్కన పోసిన కంకర్లోంచి నున్నటి గులకరాయి ఒకటి తెచ్చారు. గోలీకంటే పెద్దది, నిమ్మకాయకంటే చిన్నది. బరకం అడుగున దాన్ని పెట్టి, పైనుంచి గుడ్డలా చుట్టి మెడ చేసి, ఆ మెడకి తాడు రెండు చుట్లు వేసి బిగించారు.

"ఇప్పుడు లాగండి."

లాగాం. త్రాసు ముల్లు రింగు ఊడిన గీత దాటింది, క్లిప్పు ఎగిరిన గీత దాటింది. బరకం రాయి చుట్టూ సాగి తెల్లబడింది గానీ చిరగలేదు. చివరికి జారింది చట్రం దగ్గర మేం వేసిన బిగింపు.

"ఇది మీరెక్కడ నేర్చుకున్నారండీ?" అన్నాను.

"నేర్చుకోవడమేంటి బాబూ. పట్టా కప్పేవాడెవడికైనా రాకపోతే ఎట్లా?"

ఆలోచిస్తే కిటుకు తేలికే. రింగు వేయాలంటే ముందు బరకానికి కన్నం పడాలి. నేసిన దారాలు అక్కడే తెగుతాయి, లాగుడంతా ఆ కన్నం అంచున చేరుతుంది. రాయి దగ్గర తెగిన దారం ఒక్కటీ లేదు. బరువు మెడ చుట్టూ మడతలన్నిటికీ పాకుతుంది. ఎంత లాగితే మెడ అంత బిగుస్తుంది. ఆశ్రయం శిక్షణల్లో నేర్పే పాత పద్ధతేనని తర్వాత వెతికితే తెలిసింది. వెతకాల్సింది మొదటి వారంలో.

7వ వారం

రెండు రోజులు స్టూడియోకి వెళ్ళలేదు. మూడో రోజు మేడమ్ గదికి వెళ్ళి అంశం మార్చుకుంటానండీ అన్నాను.

"రాయి గెలిచిందని విన్నాను" అన్నారు. "బాగుంది. రాయికి ఖర్చు లేదు, విరగదు, పెద్దాయనకి కూడా వచ్చు. అలాంటప్పుడు బరకాలు ఇంకా రింగుల దగ్గరే ఎందుకు చిరుగుతున్నాయి?"

నా దగ్గర జవాబు లేదు. "అది కనుక్కుని రా. అంశం అదే, క్లిప్పు ఒక్కటే పోయింది."

ఇంటికొచ్చి లెక్క వేశాను, కసి తీర్చుకోవడానికే అనుకోండి. క్లిప్పు 18 గ్రాములు. బరకానికి 12. ఇంటికి రెండు బరకాలు. పదివేల కుటుంబాలకి రెండు లక్షల నలభై వేల క్లిప్పులు, 4.3 టన్నులు. అదే విషయాన్ని ఒక ఏ4 కాగితం మీద బొమ్మలుగా గీసిస్తే కాగితం 5 గ్రాములు, పదివేలకీ కలిపి 50 కిలోలు. విమానంలో ఒక మనిషి బరువు కూడా కాదు. 2013 నవంబరులో ఫిలిప్పీన్స్ మీద హయాన్ తుఫాను పడినప్పుడు దెబ్బతిన్న ఇళ్ళు దాదాపు 11 లక్షలు. ఆ లెక్కన క్లిప్పులు ఎన్ని టన్నులో గుణించబోయి కాలిక్యులేటర్ మూసేశాను.

సరే. బొమ్మలు గీద్దాం. బొమ్మలు గీయడం తేలిక అనుకున్నాను.

8, 9 వారాలు

ఆరు గడుల బొమ్మ, అక్షరం లేదు. ఏ భాషవాళ్ళకైనా అర్థం కావాలని. 1: మనిషి, బరకం. 2: చేతిలో రాయి. 3: పెద్ద వృత్తం గీసి అందులో రాయి, మడత దగ్గరగా. 4: తాడు చుడుతున్న రెండు చేతులు, వంకర బాణం. 5: రింగుకి కట్టిన తాడు, దాని మీద ఇంటూ గుర్తు. 6: గుడారం, నవ్వుతున్న మనిషి. ఈ నవ్వు బొమ్మ నాకే ఎందుకో నచ్చలేదు, అయినా ఉంచాను.

విపత్తులో ఉన్నవాళ్ళ మీద విద్యార్థుల ప్రయోగాలు మా విభాగంలో ఒప్పుకోరు. ఇల్లు కూలినవాడి ముందు కాగితం పెట్టి గడియారం చూసే హక్కు మాకెక్కడిది? నైతిక సమీక్ష కమిటీ ఫారాలు నింపి, ఒప్పుకున్నవాళ్ళతో విశ్వవిద్యాలయంలోనే పరీక్ష పెట్టాం. కాపలాదార్లు, తోటపనివాళ్ళు, శుభ్రం చేసేవాళ్ళు, ఆఫీసు గుమాస్తాలు. డిజైన్ చదివినవాళ్ళు వద్దనుకున్నాం.

మొదటి జట్టు. తోటపని చేసే ఆయన కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, బయటికెళ్ళి, తలకాయంత బండ మోసుకొచ్చారు. "ఇంత పెద్దదెందుకండీ?" అంటే మూడో గడి చూపించారు. వృత్తంలో రాయి మనిషి తలకంటే పెద్దగా ఉంది మరి. దగ్గరగా చూపించడానికి వృత్తం గీస్తారన్నది మా బళ్ళో మేం నేర్చుకున్న సంకేతం. చూసే కంటికి అది పెద్ద రాయి, అంతే. రెండో జట్టులో ఒకామె ఆ వృత్తం చూసి తాడుని నేల మీద గుండ్రంగా పరిచారు. నాలుగో గడిలో వంకర బాణం చూసి ఇద్దరు కలిసి బరకం మొత్తాన్ని గిర్రున తిప్పారు. ఇంటూ గుర్తు సంగతి చెప్పనే అక్కర్లేదు. వద్దని కాదు, అడ్డంగా కట్టమని అర్థం చేసుకుని రింగు దగ్గర తాడుని చక్కగా ఇంటూలా కట్టారు. చాలా అందంగా కూడా కట్టారు. ఇంకో జట్టులో కాగితాన్ని కుడి నుంచి ఎడమకి చదివి, ముందు గుడారం వేసి, ఆ తర్వాత రాళ్ళు వెతకడానికి బయల్దేరారు.

ఆరు జట్ల వీడియోలు స్టూడియోలో చూస్తుంటే అందరం నవ్వుతున్నాం. నర్సు మాత్రం నాలుగో గడి దగ్గర ఆపమంది.

"ఈ చేతులు ఎవరివి?"

"ఎవరివీ కాదు, ఉత్త చేతులు."

"మణికట్టు దగ్గర ఆగిపోయాయి. భూకంపం అయిన రెండో రోజు ఈ కాగితం పంచుతావు. శిథిలాల్లోంచి మనుషుల్ని లాగినవాళ్ళకి తెగిన చేతుల బొమ్మ ఇస్తావా?"

ఎవరూ నవ్వలేదు. ఆ రాత్రే బొమ్మలన్నీ మళ్ళీ గీశాను. ప్రతి చేతికీ భుజం, ప్రతి భుజానికీ మనిషి. వృత్తాలు తీసేశాను. ఇంటూ తీసేశాను. తప్పుని చూపించడమే మానేసి, చేయాల్సింది మాత్రం చూపించాను. నవ్వే మనిషి కూడా పోయాడు.

11వ వారం

మేడమ్ ఏర్పాటు చేసిన వీడియో కాల్. అవతల ఆశ్రయం పనుల్లో ఏళ్ళ అనుభవమున్న ఒకావిడ. 2010లో హైతీ భూకంపం తర్వాత అక్కడ, 2015లో నేపాల్లో పనిచేశారట. పేరు రాయొద్దన్నారు. నా కాగితం తెర మీద పెట్టాను. కొత్త బొమ్మలు చూసి మెచ్చుకుంటారని లోపల చిన్న ఆశ.

"హైతీలో సుమారు 15 లక్షలమంది రోడ్డున పడ్డారు" అన్నారు. "పంపిణీ రోజున మనిషి వరసలో గంటలు నిలబడి, వేలిముద్ర వేసి, బరకం చంకన పెట్టుకుని పరుగెత్తుతుంది. పిల్లలు ఎక్కడున్నారో అన్న ధ్యాస ఆమెది. నీ కాగితం ఆ చేతిలో ఎంతసేపు ఉంటుందనుకుంటున్నావు నాన్నా?"

"ఒక రోజు ఉంటుందనుకున్నానండీ."

"పొయ్యి రాజేసేదాకా."

తర్వాత ఇంకో రెండు అడిగారు. ఒకటి, రాయి దొరకని చోట ఏం చేస్తావు? డెల్టాల్లో ఎంత తవ్వినా మట్టి, ఇసక తప్ప గులకరాయి కనబడదు. అలాంటిచోట తడిమట్టి ముద్ద గుడ్డలో కట్టడమో, సీసా మూతలు నాలుగు కలిపి చుట్టడమో, చింకిగుడ్డ ఉండలా ముడివేయడమో చేస్తారట. గుండ్రంగా ఉండాలి, నలగకూడదు, మొన ఉండకూడదు. ఈ మూడే నియమాలు. రెండోది, ఈ ముడి ఒంటిచేత్తో వేయొచ్చా? చంకన బిడ్డ ఉన్న ఆడమనిషి వేయగలగాలి, ఎందుకంటే పగలు గూడు దగ్గర ఉండేది ఎక్కువగా ఆమే.

కాల్ అయ్యాక ప్రయత్నించాను. ఒంటిచేత్తో రాలేదు. మెడని పళ్ళతో పట్టుకుంటే వచ్చింది. వీడియో తీసిన స్నేహితుడు దాన్ని ఎవరికీ పంపనని మాటిచ్చాడు. నమ్మకం లేదు.

12వ వారం

కాగితం నిలవదు, బరకం నిలుస్తుంది. అయితే బొమ్మ బరకం మీదే వేద్దాం. రాయి పెట్టాల్సిన చోట రాయంత చుక్క, అసలు కొలతలో. బండలు మోసుకొచ్చే పని తప్పుతుంది.

అట్టతో స్టెన్సిల్ కోసి స్ప్రే పెయింటు కొట్టాను. ఆరాక భలే ఉంది. ఒకసారి మడత పెట్టి విప్పితే రంగంతా పెచ్చులు పెచ్చులుగా రాలింది. పాలిథీన్ స్వభావమే అంత, దాని మీద ఏదీ పట్టదు. కర్మాగారాల్లో సంస్థల గుర్తులు అచ్చువేసేటప్పుడు ముందు ఆ ఉపరితలాన్ని మంటతోనో, విద్యుత్తుతోనో సిద్ధం చేస్తారు. స్టూడియోలో నా దగ్గరున్న మంట పెద్దాయన బ్లో టార్చ్ ఒక్కటే. ప్రయత్నించాం. బరకంలో ఇప్పుడు ఒక కిటికీ ఉంది.

చివరికి మందపాటి గుడ్డ పట్టీ మీద అచ్చు వేసి, దాన్ని మూల రింగుకి కట్టాను. రింగు ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చింది. పట్టీ మీద పూర్తి మనిషి బొమ్మ, ఎదురుగా రాయి, మట్టి ఉండ, మూతల కట్ట, మూడూ అసలు కొలతలో.

13వ వారం

మళ్ళీ ఆరు జట్లు, అందరూ కొత్తవాళ్ళు. నాలుగు జట్లు సాయం లేకుండా కట్టేశాయి. ఐదో జట్టు కట్టింది గానీ రాయిని బరకం పైన పెట్టి కింద నుంచి చుట్టారు. పట్టు బాగానే ఉంది, వాన నీళ్ళు మాత్రం మెడ దగ్గర నిలుస్తాయి. ఆరో జట్టుకి పట్టీయే కనబడలేదు. మడతలోపల ఉండిపోయింది.

ఈ వారంలో అన్నిటికంటే పనికొచ్చింది మాత్రం పరీక్షకి రానివాడి దగ్గర్నుంచి వచ్చింది. శుభ్రం చేసే ఆవిడ వెంట ఐదారేళ్ళ పిల్లాడు వచ్చాడు. వాళ్ళమ్మ పట్టీ చూస్తుంటే వాడు దాన్ని లాక్కుని, తాడు దూర్చడానికి నేను కోసిన కన్నంలోంచి గులకరాళ్ళు ఒక్కొక్కటే దూరుస్తూ కూర్చున్నాడు. పట్టేవి ఒక కుప్ప, పట్టనివి ఒక కుప్ప. వాళ్ళమ్మ చెయ్యి చాచి, పట్టినవాటిలోంచి పెద్దదాన్ని తీసుకుని కట్టేసింది. బొమ్మ వైపు చూడనే లేదు.

కన్నాన్ని 3 సెంటీమీటర్లకి పెంచి, పట్టీ నడిమధ్యకి తెచ్చాను. ఇప్పుడు అది బొమ్మ కాదు, కొలపాత్ర. పక్కన ఒకటిన్నర సెంటీమీటర్ల చిన్న కన్నం ఇంకోటి. పెద్దదాంట్లోంచి పోవాలి, చిన్నదాంట్లోంచి పోకూడదు. ఇది ఎంతమందికి ఎక్కుతుందో వచ్చే పరీక్షలో చూడాలి.

14వ వారం

ఐదో వారంలో వేసిన గూడుని విప్పి మళ్ళీ కట్టాం. ఒక వైపు అన్నీ రింగులకి, రెండో వైపు అన్నీ రాళ్ళకి. తాడు ఒకటే, గూటాలు ఒకటే. పదకొండు రాత్రులు బయటే వదిలేశాం. నాలుగో రాత్రి ఈదురుగాలి. పొద్దున పరుగెత్తుకెళ్ళి చూస్తే రింగుల వైపు మూల ఊడి, బరకం చెవిలా వేలాడుతోంది. రాళ్ళ వైపు ఆరింటిలో ఐదు నిలిచాయి. ఆరోది తాడు జారి విడిపోయింది, బరకం చిరగలేదు. మేమే కొత్త పాలీప్రొపిలీన్ తాడు వాడాం, అది నున్నగా ఉంటుంది, తడిస్తే మరీ. రెండు చుట్లు చాలవు. మూడోది వేసి కిందనుంచి దూర్చాలి. అంటే బొమ్మ మళ్ళీ మారుతుంది. మూడు చుట్లని మూడు గీతలుగా గీస్తే ఎవరైనా మూడు తాళ్ళు అనుకుంటారేమో, అది ఇంకో తలనొప్పి.

క్లిప్పులు పెట్టెలో 43 మిగిలాయి. వర్క్‌షాపులో కరెంటు తీగలు గోడ వెంబడి బిగించడానికి బాగుంటాయని పెద్దాయన అడిగారు. నీడపట్టునే ఉంటాయి కాబట్టి పీఎల్‌ఏవి కూడా ఇచ్చేశాను.

రేపటి పని: తాడు బకెట్లో రాత్రంతా నానబెట్టి, మూడు చుట్లతో లాగి చూడాలి. త్రాసు బ్యాటరీ మార్చాలి. పట్టీ మడతలో దాక్కోకుండా ఎక్కడ కట్టాలో ఇంకా తేలలేదు.